పారిస్ వెళ్లే ముందు: ఏం చూడాలో, ఏ రోజు చూడాలో ఇంట్లోనే తేల్చుకోవడం ఎలా?

చెన్నైలో మనవాళ్లు ఎవరు యూరప్ బయల్దేరినా అడిగే మాట ఒకటే: "పారిస్‌లో ఏమేం చూడొచ్చో ఒక లిస్ట్ పంపండి." లిస్ట్‌కేం, గూగుల్‌లో కొడితే వంద వస్తాయి. మంగళవారం పొద్దున్నే లూవ్ర్ మ్యూజియం దాకా వెళ్లి, సెలవని తెలిసి వెనక్కి తిరిగినవాళ్ల ఫోన్‌లోనూ లిస్ట్ ఉంది. పేరు పక్కన రాసుకోవాల్సిన వివరాలే లేవు: ఏ రోజు తీస్తారు, టికెట్ ఎప్పుడు దొరుకుతుంది, ఎటు నుంచి లోపలికెళ్లాలి, మనం చూడాలనుకున్నది అసలు అక్కడ ఉందా.

ఆ వివరాలు ఏ వరసలో సేకరించాలో ఇక్కడ రాస్తున్నాను. ఉదాహరణకి పారిస్ తీసుకున్నా, పద్ధతి ఏ ఊరికైనా పనికొస్తుంది. సాయంత్రాలు కాసేపు కూర్చుంటే రెండు వారాల్లో అయిపోయే పని ఇది. ఒక స్ప్రెడ్‌షీట్, ఒక మ్యాప్, ఒక క్రెడిట్ కార్డ్ ఉంటే చాలు.

## 1. పేర్లకంటే ముందు మనుషులు, నెల

చాలామంది ఈఫిల్ టవర్‌తో మొదలుపెడతారు. మీరు మీ ఇంట్లోవాళ్లతో మొదలుపెట్టండి. ఎవరెవరు వస్తున్నారు? అమ్మానాన్నలు ఉంటే మోకాళ్ల సంగతేంటి? పిల్లాడు ఒక మ్యూజియంలో ఎంతసేపు ఓపిగ్గా ఉంటాడు?

ప్రతి ఒక్కరినీ ఒకే ఒక్కటి అడగండి: "ఏది చూడకపోతే నీకు బాధనిపిస్తుంది?" అమ్మ "ఏదో ఒకటిలే, మీరెక్కడికంటే అక్కడికి" అంటుంది. వదలొద్దు. రెండోసారి అడిగితే చెబుతుంది. నలుగురున్న ఇంట్లో ఇలా వచ్చిన నాలుగు పేర్లే మీ ప్లాన్‌కి స్తంభాలు. మిగతావన్నీ వీలుంటే చూసేవి.

తర్వాత నెల. డిసెంబర్ చివర్లో పారిస్‌లో సాయంత్రం ఐదుకే చీకటి పడుతుంది. జూన్‌లో రాత్రి పది దాకా వెలుతురుంటుంది. ఈఫిల్ టవర్ మీద గంటగంటకీ ఐదు నిమిషాలు మెరిసే దీపాలు చీకటి పడ్డాకే వెలుగుతాయి. అంటే డిసెంబర్‌లో ఆరింటికే చూసేసి హోటల్‌కి వెళ్లొచ్చు. జూన్‌లో ఆ మెరుపులు చూడాలంటే పిల్లల్ని పదిన్నర, పదకొండు దాకా మేలుకోబెట్టాలి. పిల్లలకి సెలవులని మనం ఎక్కువగా మే, జూన్‌లలోనే వెళ్తాం కాబట్టి ఇది ముందే తెలిసుండటం మంచిది.

ఇంకోటి, జెట్ లాగ్. ఎండాకాలంలో మనకీ పారిస్‌కీ తేడా మూడున్నర గంటలు, చలికాలంలో నాలుగున్నర. మార్చి ఆఖరి ఆదివారం, అక్టోబర్ ఆఖరి ఆదివారం గడియారం మారుతుంది. జూన్‌లో అక్కడ రాత్రి ఎనిమిదిన్నర అయితే మీ ఒంటికి అర్ధరాత్రి. దిగిన రోజు సాయంత్రానికి ఏ టికెట్టూ కొనొద్దు. మర్నాడు ఎలాగూ తెల్లారకముందే మెలకువ వచ్చేస్తుంది, ఆ పొద్దున మొదటి స్లాట్ తీసుకోండి.

మొదటిసారి కూర్చున్నప్పుడే తేలాల్సినవి:

- వెళ్లే నెల, అక్కడ ఉండే రాత్రులు, అందులో పూర్తి రోజులు ఎన్ని
- ఒక్కొక్కరికీ తప్పనిసరి అయినది ఒకటి
- మెట్లు ఎక్కలేనివాళ్లు, ఎక్కువ నడవలేనివాళ్లు ఎవరు
- దిగే రోజు, తిరిగొచ్చే రోజు వారంలో ఏవి (దీనితో పెద్ద పని ఉంది, ఐదో భాగం చూడండి)

## 2. పేర్లు ఎక్కడ ఏరుకోవాలి

ముందు పారిస్ టూరిజం ఆఫీసు వాళ్ల వెబ్‌సైట్. తర్వాత ఆయా మ్యూజియంల సొంత సైట్లు. పుస్తకం తిరగేయడం ఇష్టమైతే నుంగంబాక్కంలో అలయాన్స్ ఫ్రాన్సేజ్ ఉంది, దాని లైబ్రరీలో కాసేపు కూర్చోవచ్చు.

తెలుగు వ్లాగ్‌లు చూడండి, కానీ వాటిని దేనికి నమ్మాలో తెలుసుకుని చూడండి. క్యూ ఎంత పొడుగుంటుంది, ఎంత దూరం నడవాలి, ఎక్కడ మెట్లున్నాయి వంటివి వీడియోలో బాగా తెలుస్తాయి. ధరలు, టైమింగ్‌లు మాత్రం అక్కణ్నుంచి తీసుకోవద్దు. వీడియో ఎప్పుడు పెట్టారో ముందు చూడండి. 2019 ఏప్రిల్ అగ్నిప్రమాదం తర్వాత, 2024 డిసెంబర్‌కి ముందు తీసినవాటిలో నోత్రదామ్ చర్చి మూసి ఉంటుంది, 2025 సెప్టెంబర్‌కి ముందు తీసినవాటిలో పాంపిడూ సెంటర్ (ఆధునిక కళల మ్యూజియం) తెరిచి ఉంటుంది. ఇప్పుడు సరిగ్గా తిరగబడింది: నోత్రదామ్ తెరిచారు, పాంపిడూని మరమ్మతుల కోసం 2030 దాకా మూసేశారు.

గూగుల్ రివ్యూలకీ ఇదే సూత్రం. "కొత్తవి ముందు" అని పెట్టుకుని చదవండి. ఐదు నక్షత్రాలు ఇచ్చినవాళ్లు "అద్భుతం" అని వదిలేస్తారు, ఒక్క నక్షత్రం ఇచ్చినవాళ్లు కోపంలో ఉంటారు. మూడు ఇచ్చినవాళ్ల దగ్గరే పనికొచ్చే సమాచారం ఉంటుంది: ఏ గేటు దగ్గర ఆలస్యమైంది, ఏ హాలు మూసి ఉంది, లిఫ్ట్ పనిచేసిందా.

ఈ దశలో పేర్లు పాతిక దాటకుండా చూసుకోండి. దాటితే కోయడానికే ఓపికుండదు.

## 3. ఒక్కో పేరుకి ఒక్కో వరస

ఇదే అసలు పని. స్ప్రెడ్‌షీట్‌లో ప్రతి చోటుకీ ఒక వరస పెట్టి, అధికారిక సైట్ చూసి నింపండి. మాటల్లో చెబితే తేలిక అనిపిస్తుంది కాబట్టి, సాంత్ షపెల్ అనే పాత చర్చికి నింపిన వరస చూపిస్తాను.

- ఎందుకు: పై అంతస్తులో 15 చాలా ఎత్తైన రంగుటద్దాల కిటికీలు. ఎండ ఉంటేనే వాటి అందం. మబ్బు పట్టిన రోజు వెళ్తే సగమే చూసినట్టు.
- సెలవులు: వారంలో రోజూ తీస్తారు. జనవరి 1, మే 1, డిసెంబర్ 25న మూసేస్తారు.
- టికెట్: టైమ్ స్లాట్ ఉంది, ముందే తీసుకోవాలి. 18 ఏళ్లలోపు వాళ్లకి ఉచితం.
- ప్రవేశం: ఇది కోర్టు భవనాల ఆవరణలో ఉంది. అందుకే సెక్యూరిటీ గట్టిగా ఉంటుంది. గాజు సీసాలు, పదునైన వస్తువులు రానివ్వరు. (బ్యాగ్‌లో ఆవకాయ సీసా పెట్టుకుని తిరిగే అలవాటుంటే ఆ రోజు హోటల్‌లోనే వదిలేయండి.)
- మెట్లు: పై అంతస్తుకి ఇరుకైన మెలికల మెట్లు.
- పట్టే సమయం: లోపల గంట, సెక్యూరిటీ క్యూకి అదనంగా కనీసం అరగంట.
- పక్కన ఏముంది: కాన్సియర్జరీ (పాత జైలు) గోడకి గోడ, నోత్రదామ్ కొద్ది నిమిషాల నడక.
- చూసిన తేదీ: ఈ వివరాలు మీరు సైట్‌లో ఏ రోజు చూశారో ఆ తేదీ.

ఆఖరి గడి అనవసరం అనిపిస్తుంది. కాదు. మార్చిలో నింపిన షీట్‌ని జూన్‌లో నమ్ముకుని బయల్దేరతాం, మధ్యలో ధర మారుతుంది, ఒక హాలు మూసేస్తారు. 2026 జనవరి నుంచి యూరప్ బయటి దేశాల నుంచి వచ్చే పెద్దవాళ్లకి లూవ్ర్ టికెట్ 22 యూరోల నుంచి 32 అయింది. పాత ధర వేసుకుని బడ్జెట్ కట్టినవాళ్లకి నలుగురు పెద్దలకి 40 యూరోల తేడా.

సైట్‌లో ఇంగ్లిష్ పేజీ, ఫ్రెంచ్ పేజీ రెండూ ఉంటే ఫ్రెంచ్ పేజీని కూడా బ్రౌజర్‌లో అనువాదం పెట్టుకుని ఒకసారి చూడండి. అనుకోని మూసివేతలు, సమ్మె నోటీసులు అక్కడ ముందు కనిపించే అవకాశం ఉంది.

## 4. మీరు చూడాలనుకున్నది అక్కడ ఉందా?

మ్యూజియం తెరిచి ఉండటం వేరు, అందులో మీ వస్తువు ప్రదర్శనలో ఉండటం వేరు. ఒక బొమ్మ కోసమో విగ్రహం కోసమో వెళ్తుంటే ఈ మెట్టు దాటేయొద్దు.

మన తెలుగువాళ్లు లూవ్ర్‌లో అడిగేది మోనాలిసా తర్వాత రీజెంట్ వజ్రం. కొల్లూరు గనిలో దొరికి, అప్పట్లో మన చెన్నై ఫోర్ట్ సెయింట్ జార్జ్ గవర్నర్‌గా ఉన్న థామస్ పిట్ కొని ఇంగ్లండ్ చేర్చిన వజ్రం అది. దాన్ని అపోలో గ్యాలరీలో పెట్టేవాళ్లు. 2025 అక్టోబర్ 19న ఆ గ్యాలరీలోనే దొంగతనం జరిగింది. రీజెంట్ పోలేదు కానీ గ్యాలరీ మూసేశారు, కొన్ని నగల్ని బ్యాంక్ ఆఫ్ ఫ్రాన్స్ ఖజానాకి తరలించారు. కాబట్టి మీరు వెళ్లే నెలకి అది ఎక్కడుందో చూసుకోకుండా నాన్నగారికి మాటివ్వొద్దు.

చూసే పద్ధతి:

1. లూవ్ర్‌కి తన సేకరణ మొత్తం చూపించే వేరే సైట్ ఉంది. అక్కడ వస్తువు పేరు కొడితే ఏ గది నంబర్‌లో ఉందో, లేక ప్రదర్శనలో లేదో చూపిస్తుంది. మోనాలిసా గది 711.
2. ఓర్సే మ్యూజియం సైట్‌లోనూ ఇలాగే వెతకొచ్చు. మంచి పెయింటింగ్‌లు వేరే దేశాల ఎగ్జిబిషన్లకి అప్పు మీద వెళ్తుంటాయి.
3. లూవ్ర్ సైట్‌లో ఏ రోజు ఏ గదులు మూసి ఉంటాయో పెడతారు. వెళ్లే ముందు రోజు అది చూడండి.
4. గది నంబర్లు షీట్‌లో రాసుకోండి. లోపలికెళ్లాక వెతుక్కుంటే మ్యూజియం చూసే ఓపిక దానికే పోతుంది.

రుతువుల సంగతీ ఇక్కడే. పారిస్ బయట జివెర్నీ ఊళ్లో చిత్రకారుడు మోనే ఇల్లు, తోట ఏప్రిల్ 1 నుంచి నవంబర్ 1 దాకానే తీస్తారు. క్రిస్మస్ సెలవుల్లో వెళ్లేవాళ్లు ఆ పేరు కొట్టేసి, ఆయన పెద్ద కలువల చిత్రాలున్న పారిస్‌లోని ఓరాంజరీ మ్యూజియంని పెట్టుకోండి.

ఒక చిన్న సలహా. పారిస్‌లో గిమే మ్యూజియం అని ఆసియా కళలకి ప్రత్యేకంగా ఉంది. అందులో అమరావతి శైలి శిల్పాలున్నాయి, చోళుల నటరాజు ఉన్నాడు. వెళ్లే ముందు ఒక శనివారం ఎగ్మోర్ ప్రభుత్వ మ్యూజియంలో అమరావతి గ్యాలరీ చూసి రండి (అక్కడ శుక్రవారం సెలవు). స్తూపం ఫలకాలు ఎలా చదవాలో ఇక్కడ తెలిసిపోతే, అక్కడ పిల్లలకి మీరే చెప్పొచ్చు, ఆడియో గైడ్ డబ్బులు మిగులుతాయి. ఎగ్మోర్‌కి వెళ్లకుండా పారిస్‌లో గిమే చూస్తామనేవాళ్లంటే నాకు కొంచెం నవ్వొస్తుంది.

## 5. వారపు గళ్లు గీయండి

పారిస్ ప్లాన్లు ఎక్కువగా పాడయ్యేది ఇక్కడే, అందుకే కాస్త నిదానంగా చూద్దాం. ఒక కాగితం మీద మీరు ఉండే రోజులు గళ్లుగా గీసి, ఏ రోజు ఏది మూసి ఉంటుందో ముందు రాయండి. చూసేవి తర్వాత రాయాలి.

సోమవారం మూసి ఉండేవి: ఓర్సే, వెర్సాయ్ రాజభవనం, రోదాన్ మ్యూజియం, పికాసో మ్యూజియం, క్లూనీ, కార్నవాలే, పెటీ పాలే.

మంగళవారం మూసి ఉండేవి: లూవ్ర్, ఓరాంజరీ, గిమే.

రోజూ తీసేవి: ఈఫిల్ టవర్, నోత్రదామ్, సాంత్ షపెల్, ఆర్క్ ద త్రియోంఫ్ (విజయ తోరణం).

రాత్రి పూట కూడా: లూవ్ర్ బుధ, శుక్రవారాల్లో 9 దాకా. ఓర్సే గురువారం 9:45 దాకా.

ఇప్పుడు ఒక కుటుంబాన్ని తీసుకుందాం. భార్యాభర్తలు, తొమ్మిదేళ్ల పాప, అరవై దాటిన అత్తగారు మామగారు. శనివారం పొద్దున దిగి బుధవారం రాత్రి విమానానికి తిరిగొస్తారు. కోరికలు: పాపకి ఈఫిల్, అత్తగారికి నోత్రదామ్, మామగారికి లూవ్ర్, భార్యకి ఓర్సే, భర్తకి వెర్సాయ్.

శనివారం దిగిన రోజు, బరువైనవి వద్దు. సెన్ నదిలో గంటసేపు పడవ ప్రయాణం, అంతే. ఓర్సే, వెర్సాయ్ సోమవారం ఉండవు. లూవ్ర్ మంగళవారం ఉండదు. వెర్సాయ్‌కి మంగళవారం వెళ్దామనుకుంటే, లూవ్ర్ మూసి ఉంది కదా అని ఊరు ఊరంతా ఆ రోజే అక్కడికి వెళ్తుంది. కాబట్టి వెర్సాయ్ ఆదివారం, లూవ్ర్ సోమవారం పొద్దున, ఈఫిల్ సోమవారం సాయంత్రం. మంగళవారం పొద్దున ఓర్సే, భోజనం అయ్యాక సాంత్ షపెల్, నోత్రదామ్. బుధవారం గిమే, సామాను సర్దుకోవడం.

కుదిరింది కదా అనుకుంటాం. కానీ ఆదివారం వెర్సాయ్ అంటే పెద్దవాళ్లకి రోజంతా నడక, మర్నాడు పొద్దున్నే లూవ్ర్ అంటే మళ్లీ నడక. నేనైతే భర్తని, పాపని మాత్రం వెర్సాయ్ పంపి, అత్తమామల్ని భార్యతో పారిస్‌లోని లక్సెంబర్గ్ తోటలో కూర్చోబెడతాను. అందరూ అన్నీ కలిసే చూడాలని రూలేం లేదు.

రెండు తేదీలు వేరుగా చూడాలి. మే 1న దాదాపు అన్నీ మూసేస్తారు. జులై 14న, ఫ్రాన్స్ జాతీయ దినోత్సవం నాడు, షాంజెలీజే రోడ్డు మీద పరేడ్ ఉంటుంది, ఆ చుట్టుపక్కల మెట్రో స్టేషన్లు కొన్ని మూసేస్తారు.

నెలలో మొదటి ఆదివారం ఓర్సే, ఓరాంజరీ, గిమే లాంటి చోట్ల టికెట్ ఉచితం. పారిస్‌లోనే ఉండేవాళ్లకి అది లాభం. ఇంత ఖర్చు పెట్టి వెళ్లి, ఉన్న నాలుగు రోజుల్లో ఒక పూట ఆ జనంలో పోగొట్టుకోవడం మాత్రం నా లెక్కలో నష్టమే.

## 6. టికెట్లు, వీసా: ఏది ముందు

షెంజెన్ వీసాకి (ఫ్రాన్స్‌తో పాటు చాలా యూరప్ దేశాలకి చెల్లే వీసా) ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అప్లై చేయొచ్చు, ఆఖరి గడువు 15 రోజుల ముందు. నిర్ణయానికి మామూలుగా 15 రోజులు, కొన్నిసార్లు 45 దాకా పడుతుంది. చెన్నైలో ఎండాకాలం సెలవుల ముందు అపాయింట్‌మెంట్‌కే టెన్షన్. కాబట్టి తొందరగా మొదలుపెట్టండి. మీరు గీసిన వారపు గళ్లనే రోజువారీ ప్రయాణ ప్రణాళికగా ఫైల్‌లో పెట్టొచ్చు. ఏజెంట్ కాపీ కొట్టిచ్చిన కాగితం కన్నా అదే నయం, ఎందుకంటే కౌంటర్‌లో ఎవరైనా అడిగితే మీకు జవాబు తెలుసు.

మ్యూజియం టికెట్లకి చాలావరకు డబ్బు వెనక్కి రాదు. అందుకే ఈ వరస:

1. తేదీలు, రద్దు చేసుకోగల హోటల్.
2. వీసా అప్లికేషన్.
3. వీసా చేతికొచ్చాక ముందుగా అయిపోయేవి: ఈఫిల్ లిఫ్ట్ టికెట్లు 60 రోజుల ముందు తెరుస్తారు, మెట్లెక్కి వెళ్లే టికెట్లు 14 రోజుల ముందు. రెండో అంతస్తు దాకా 674 మెట్లు, ఎవరు ఎక్కుతారో ముందే తేల్చుకోండి.
4. లూవ్ర్, సాంత్ షపెల్, ఓర్సే స్లాట్‌లు.
5. నోత్రదామ్ ఆఖర్న. ప్రవేశం ఉచితం, బుకింగ్ కూడా ఉచితం, అదీ ఒకట్రెండు రోజుల ముందే తెరుచుకుంటుంది. బుకింగ్ లేకపోయినా క్యూలో వెళ్లొచ్చు. దానికి ఎవరైనా ప్రవేశ రుసుం అడిగితే ఆ సైట్ మూసేయండి.

60 రోజులకి వీసా రాకపోతే? ఈఫిల్ కోసం ఆగి చూడండి. లిఫ్ట్ స్లాట్‌లు అయిపోయినా మెట్ల టికెట్లు ఉంటాయి. అదీ లేకపోతే టవర్‌కి నది అవతల ఉన్న ట్రొకాడెరో మెట్ల మీద నుంచి టవర్‌ని చూడటం ఉచితం, ఫొటోలు కూడా అక్కణ్నుంచే బాగా వస్తాయి.

నకిలీ కాకపోయినా ఖరీదైన సైట్లు: గూగుల్‌లో లూవ్ర్ టికెట్ అని వెతికితే పైన వచ్చేవి ప్రకటనలు. అదే టికెట్‌కి పైన కమీషన్ వేసి అమ్ముతారు. టూరిజం ఆఫీసు సైట్ నుంచి గానీ, వికీపీడియాలో ఆ మ్యూజియం పేజీలో ఇచ్చే అధికారిక లింక్ నుంచి గానీ వెళ్లండి.

మ్యూజియం పాస్: 2, 4, 6 రోజులవి ఉన్నాయి, మొదటి చోటు నుంచి 48, 96, 144 గంటలుగా లెక్క. మీ గళ్లలో ఉన్నవాటి విడి ధరలు కూడండి, పాస్ ధరతో పోల్చండి. ఈఫిల్ ఇందులో లేదు. పాస్ ఉన్నా లూవ్ర్ స్లాట్ వేరుగా తీసుకోవాలి. 18 లోపు పిల్లలకి చాలాచోట్ల ఉచితం కాబట్టి వాళ్లకి పాస్ కొనడం దండగ. పిల్లలకి లూవ్ర్‌లో సున్నా యూరోల స్లాట్ టికెట్ మాత్రం తీసుకోండి. ఈఫిల్‌లో నాలుగేళ్లు దాటిన పిల్లలకి టికెట్ ఉంటుంది.

కార్డ్: బ్యాంక్ యాప్‌లో అంతర్జాతీయ లావాదేవీలు ఆన్ చేసి పెట్టుకోండి. ఓటీపీ మన నంబర్‌కే వస్తుంది కాబట్టి టికెట్లన్నీ చెన్నైలో ఉండగానే కొనేయండి.

వేరే ఊళ్ల సంగతి క్లుప్తంగా. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆన్ ఫ్రాంక్ ఇంటి టికెట్లు ఆన్‌లైన్‌లోనే, ప్రతి మంగళవారం ఆరు వారాల తర్వాతి తేదీలకి వదులుతారు. రోమ్‌లో బోర్గెసే గ్యాలరీకి బుకింగ్ తప్పనిసరి, రెండు గంటల స్లాట్. వాటికన్ మ్యూజియంలు ఆదివారం మూత, నెలలో ఆఖరి ఆదివారం తప్ప. మిలాన్‌లో డావిన్చీ గీసిన లాస్ట్ సప్పర్ చిత్రం ముందు నిలబడనిచ్చేది 15 నిమిషాలే. ఊరు ఏదైనా, ముందుగా అయిపోయే ఆ ఒక్కటేదో కనుక్కుని అక్కణ్నుంచి వెనక్కి ప్లాన్ కట్టుకోవాలి.

## 7. మ్యాప్‌లో గుంపులు కట్టండి

గూగుల్ మ్యాప్స్‌లో మీ పేర్లన్నీ సేవ్ చేసి దూరం నుంచి చూడండి. గుంపులు వాటంతట అవే కనిపిస్తాయి.

- నది మధ్య దీవి: నోత్రదామ్, సాంత్ షపెల్, కాన్సియర్జరీ
- లూవ్ర్ వరస: లూవ్ర్, తుయిలరీ తోట, దాని చివర ఓరాంజరీ, వంతెన దాటితే ఓర్సే
- పడమర: ఈఫిల్, ట్రొకాడెరో, అక్కణ్నుంచి కొంచెం నడిస్తే గిమే
- మారే పేట: కార్నవాలే, పికాసో, ప్లాస్ దె వోజ్

ఒక పూటకి ఒక గుంపు. లూవ్ర్, ఓర్సే పక్కపక్కనే ఉన్నాయని ఒకే రోజు పెట్టేయొద్దు. అవి కాళ్లకి దగ్గర, బుర్రకి కాదు.

పెద్దవాళ్లుంటే మెట్రో కన్నా బస్ చూడండి. పారిస్ మెట్రోలో లిఫ్ట్ లేని స్టేషన్లే ఎక్కువ, మొత్తంగా లిఫ్ట్‌లున్నది 14వ లైన్‌కి మాత్రమే. బస్సుల్లోకి తేలిగ్గా ఎక్కొచ్చు, ఊరు కూడా కనిపిస్తుంది. వీధుల్లో ఉచిత టాయిలెట్లు ఉంటాయి, సానిజెట్ అంటారు. మీ దారిలో ఉన్నవాటిని మ్యాప్‌లో గుర్తు పెట్టుకోండి. మామగారు అడగరు కానీ ఆయనకి అది మోనాలిసా కన్నా ముఖ్యం.

స్ట్రీట్ వ్యూలో ప్రతి ప్రవేశ ద్వారం ఒకసారి చూడండి. ఎటు తిరగాలో ఇక్కడే తెలిసిపోతుంది.

భోజనం గురించి ఒక్క మాట. గార్ దు నోర్ స్టేషన్ దగ్గర లా షపెల్ ప్రాంతంలో శ్రీలంక తమిళుల హోటళ్లున్నాయి, ఇడ్లీ, దోసె దొరుకుతాయి, వినాయకుడి గుడి కూడా ఉంది. మూడో రోజు రాత్రికి అటు ఒక గుర్తు పెట్టుకుంటే ఇంట్లో శాంతి ఉంటుంది.

## 8. రోజుకో కాగితం

ఇప్పుడు ఒక్కో రోజుకి ఒక్కో పేజీ. అందులో పెద్దది ఒకటి, చిన్నది ఒకటి, ఆరుబయట ఒకటి. అంతకు మించొద్దు.

స్లాట్ టైమ్ అంటే లోపలికి అనుమతించే టైమ్. సెక్యూరిటీకి అరగంట ముందుండాలి. హోటల్ నుంచి తలుపు వేసి బయటపడే టైమ్ కూడా రాయండి. ఐదుగురు బయల్దేరడం అంటే తెలుసు కదా. చాలాచోట్ల మూసే వేళకి ముప్పావు గంటో గంటో ముందే లోపలికి పంపడం ఆపేస్తారు.

వాన పడితే ఏం చేయాలో కింద ఒక లైన్. సాంత్ షపెల్‌కి ఎండ కావాలి కానీ స్లాట్ ముందే కొనేశాం, దానికేం చేయలేం. తోటలు, మొంమార్త్ (గుట్ట మీది పాత పేట) లాంటి టికెట్ లేనివాటిని మాత్రం అటూ ఇటూ మార్చుకునేలా ఉంచండి.

ఆఖరి రోజు పెట్టెలతో మ్యూజియంకి వెళ్లొద్దు. లూవ్ర్‌లోకి 55×35×20 సెంటీమీటర్లు దాటిన బ్యాగ్ రానివ్వరు, ఈఫిల్ దగ్గర సామాను గది లేదు. పెట్టెలు హోటల్‌లో ఉంచుకోనిస్తారా అని ముందే మెయిల్ పెట్టండి.

## 9. తరచూ దొర్లే తప్పులు, సవరణలు

ఒకే రోజు మూడు మ్యూజియంలు పెట్టేశారు. ఇంట్లోవాళ్లు చెప్పిన తప్పనిసరి జాబితా తీయండి. అందులో లేనిది ఏదో అది కోసేయండి. కోయడానికి మనసు రాకపోతే టికెట్ మాత్రం కొనకండి.

లూవ్ర్ స్లాట్ దొరకలేదు. బుధ, శుక్రవారాల సాయంత్రం స్లాట్‌లు చూడండి. అదీ లేకపోతే రోజూ ఒకసారి సైట్ తెరిచి చూస్తుండండి, కొన్ని మళ్లీ వదులుతుంటారు.

వెర్సాయ్ తోట ఉచితం అనుకుని వెళ్లారు. ఎండాకాలంలో ఫౌంటెన్లు, సంగీతం ఉండే రోజుల్లో తోటకి కూడా టికెట్ ఉంటుంది. సైట్‌లో క్యాలెండర్ చూడండి. భవనం టికెట్, తోట టికెట్ వేరువేరు అని గుర్తుంచుకోండి.

వారం పాస్ బుధవారం కొన్నారు. పారిస్ మెట్రో, బస్సులకి వాడే నవిగో వారం పాస్ సోమవారం నుంచి ఆదివారం దాకానే పనిచేస్తుంది, ఏ రోజు కొన్నా సరే. వారం మధ్యలో దిగేవాళ్లు విడి టికెట్లతో లెక్క వేసుకోండి.

ప్లాన్ మొత్తం ఒకరి ఫోన్‌లోనే ఉంది. ఆ ఫోన్ మెట్రోలో పోతే ప్లానూ పోతుంది. టికెట్ల పీడీఎఫ్‌లు కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెట్టండి, ఒక ప్రింట్ అమ్మ హ్యాండ్‌బ్యాగ్‌లో ఉంచండి.

## 10. బయల్దేరే వారం చూసుకోవాల్సినవి

- షీట్‌లో "చూసిన తేదీ" నెల దాటిన ప్రతి వరసా మళ్లీ అధికారిక సైట్‌లో సరిచూడటం
- మీరుండే రోజుల్లో సమ్మెలు ఉన్నాయేమో మ్యూజియం, రవాణా సంస్థల సైట్లలో చూడటం
- గడియారం మారే ఆదివారం మీ ప్రయాణంలో పడిందేమో చూడటం
- టికెట్లపై తేదీ, నెల సరిగ్గా ఉన్నాయా? యూరప్‌లో 05/06 అంటే మనలాగే జూన్ 5
- మ్యాప్ ఆఫ్‌లైన్‌లో దించుకోవడం, గది నంబర్ల కాగితం ప్రింట్ తీయడం
- దిగిన రెండో రోజుకి నోత్రదామ్ ఉచిత స్లాట్ తెరుచుకునే తేదీకి ఫోన్‌లో అలారం
- వాతావరణం చూసి, టికెట్ లేని చోట్లని ఎండ ఉన్న పూటకి మార్చడం
- ఇంట్లో అందరికీ ఒకసారి రోజువారీ కాగితాలు చదివి వినిపించడం. అభ్యంతరాలుంటే అప్పుడే చెప్పమనండి, లూవ్ర్ గేటు దగ్గర కాదు